నగర సందడికి దూరంగా

‘నగర సందడికి దూరంగా, అలల సవ్వడికి దగ్గరగా’ అని రాసుంది హోటల్ వాళ్ళ పేజీలో. కింద నీలం నీళ్ళ కొలను. కొలను ఎక్కడ అయిపోయిందో, సముద్రం ఎక్కడ మొదలైందో తెలియని ఫొటో. ఆ వాక్యాన్ని నేను ఇంద్రేశంలో మా గదిలో, కిటికీలన్నీ బిడాయించుకుని, రాత్రి పదకొండింటికి చదివాను.

ఆ మాటకొస్తే మేమూ నగర సందడికి దూరంగానే ఉంటాం. పటాన్‌చెరు దాకా వచ్చి, అక్కడి నుంచి ఇంకా లోపలికి రావాలి. కానీ మా దగ్గర వెంచర్ల వాళ్ళు పాతే బోర్డుల మీద దూరం అనే మాటే ఉండదు. ‘ఔటర్‌కు ఐదు నిమిషాలు’, ‘ఐటీ కారిడార్‌కు ఇరవై నిమిషాలు’ అని ఉంటుంది. ఏ బండి మీద, ఎన్ని గంటలకు బయల్దేరితే ఇరవై నిమిషాలో ఉండదు. దూరాన్ని దాచిపెట్టి ప్లాట్లు అమ్మే చోట ఉన్నదాన్ని కదా, దూరానికే ధర కట్టి అమ్మడం చూస్తే నవ్వొచ్చింది.

ధర రాత్రికి 9,000. గది అద్దె 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం. రెండు రాత్రులకు 21,240. మా ఇంటి కిరాయి నెలకు 6,500. అంటే మూడు నెలల కిరాయి కట్టేసి, పైన ఒక గ్యాస్ సిలిండర్ కూడా తెచ్చుకోవచ్చు. ఈ లెక్క అమ్మకు చెప్పలేదు. ‘కంపెనీ వాళ్ళు కూపన్ ఇచ్చిన్రు’ అన్నాను. అమ్మ నమ్మింది. లేదా నమ్మినట్టు ఊరుకుంది.

అమ్మ సముద్రం చూడలేదు. ఆమెకు యాభై ఆరేళ్ళు. ‘మరోచరిత్ర’లో కమల్‌హాసన్, సరిత తిరిగిన సముద్రం ఒక్కటే ఆమెకు తెలుసు, అదీ టీవీలో. మా జిల్లాలో చాలామందికి సముద్రమంటే అంతే. మాకు ఉన్నవి సాగర్‌లు. హుస్సేన్ సాగర్, హిమాయత్ సాగర్, నిజాం సాగర్, కొంచెం దూరం పోతే నాగార్జున సాగర్. అన్నీ కట్టలు కట్టి ఆపిన నీళ్ళే.

అయితే ఇది అమ్మకు సముద్రం చూపించాలన్న ముచ్చట మాత్రమే అయితే ఏ ఆర్కే బీచ్ దగ్గరో లాడ్జిలో దిగి, పొద్దున్నా సాయంత్రం నీళ్ళ దగ్గరికి పోయి వచ్చేవాళ్ళం. పన్నెండు వందల్లో అయిపోయేది. ఈ హోటల్ వెనక నా స్వార్థం ఒకటుంది.

నేను మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో చేస్తాను. ల్యాబ్‌లోకి ఫోన్ తీసుకుపోనివ్వరు, లాకర్‌లో పెట్టాలి. 2025 జూన్ 30 పొద్దున పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ పేలిపోయింది. 50 మందికి పైగా పోయారు. అందులో చాలామంది ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళు. మా కంపెనీ అది కాదు, ఆ పక్కది కూడా కాదు. కానీ అమ్మకు కంపెనీల పేర్లు తెలియవు. ఆమెకు తెలిసిందల్లా ‘బిడ్డ కెమికల్ కంపెనీల చేస్తది’ అని. మూడు గంటలు ఫోన్ చేసింది. లాకర్‌లో అది మోగుతూనే ఉండి ఉంటుంది. లంచ్‌కు బయటికొచ్చి చూస్తే నలభై ఒక్క మిస్డ్ కాల్స్. సెక్యూరిటీ అతను వచ్చి ‘మీ అమ్మగారట, గేటు దగ్గర నిలబడ్డారు’ అన్నాడు. హవాయి చెప్పులతో, డ్యూటీ యూనిఫాంతోనే, ఏ ఆటో పట్టుకుని ఎలా వచ్చిందో. నన్ను చూసింది. ఏమీ అనలేదు. ‘తిన్నవా?’ అని అడిగి, మళ్ళీ డ్యూటీకి పోయింది.

ఆ తర్వాత నాలుగు నెలలకు హెచ్‌ఆర్ నుంచి మెయిల్. పరవాడలోని యూనిట్‌కు ట్రాన్స్‌ఫర్, కొంచెం ప్రమోషన్‌తో. పరవాడ విశాఖకు దక్షిణాన ఉంది, అక్కడ పెద్ద ఫార్మా సిటీ. ఇక్కడి కంపెనీల్లో కొన్నింటికి అక్కడా యూనిట్లున్నాయి. నేను ఒప్పుకుంటే అమ్మ కూడా రావాలి. అందుకని ముందు ఆమెకు విశాఖ నచ్చాలి. నచ్చాలంటే దాన్ని బాగా చూపించాలి. పెళ్ళిచూపులకు అమ్మాయిని తయారుచేసినట్టు నేను సముద్రాన్ని తయారుచేశాను. అందులో భాగమే భీమిలి రోడ్డులో ఆ హోటల్. ట్రాన్స్‌ఫర్ సంగతి మాత్రం చివరి రోజు చెబుదామని దాచుకున్నాను.

లింగంపల్లిలో పొద్దున జన్మభూమి ఎక్కాం. రాత్రి బండైతే పడుకుని పోవచ్చు, కానీ పగలైతే అమ్మ దారి చూస్తుంది. మిర్యాలగూడ దాటాక కృష్ణ మీద వంతెన వచ్చింది. ఆ దగ్గర్లోనే, వాడపల్లిలో, మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. అమ్మ రూపాయి బిళ్ళ విసిరి దండం పెట్టుకుంది. నాకు ఒక పైపు గుర్తొచ్చింది. పటాన్‌చెరు కంపెనీల మురుగు శుద్ధి చేశాక దాన్ని మా దగ్గర వదలకుండా 18 కిలోమీటర్ల పైపు వేసి నగరం మురుగులో కలిపి, అంబర్‌పేట మీదుగా మూసీలోకి పంపే ఏర్పాటు చేశారు. అంతకు ముందు అది వాగుల్లోకి, నక్కవాగులోంచి మంజీరలోకి పోయేది. మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. సాయంత్రం రాజమండ్రి వంతెన మీద అమ్మ రెండో బిళ్ళ విసిరింది. ఒకే రోజు, ఒకే బండిలో, మా ఊరి నీళ్ళు పోయే రెండు దారులనూ దాటాం. మా ఊరి నీళ్ళు మాకంటే చాలా ముందే సముద్రం చూశాయి.

ఆ నీళ్ళలో ఏముండేదో ప్రపంచానికి 2007లో తెలిసింది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం, 90 వరకూ మందుల కంపెనీల మురుగు వచ్చే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికొచ్చే నీళ్ళను పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. అది యాంటీబయాటిక్. నేను కూడా డిగ్రీలో ఉండగా జ్వరానికి వేసుకున్నాను, డాక్టర్ రాసిస్తే, డబ్బులిచ్చి.

విశాఖలో దిగేసరికి రాత్రి. క్యాబ్ అతను ‘అంత దూరం ఎందుకు తీసుకున్నారండీ, సిటీకి ఇరవై కిలోమీటర్ల పైనే’ అన్నాడు. దూరానికే డబ్బు కట్టామని చెప్పలేకపోయాను.

హోటల్ నిజంగా అందంగా ఉంది. వెక్కిరించడానికి రాయట్లేదు ఇది. లాబీలో పైకప్పు అంత ఎత్తున పెట్టి మధ్యలో ఏమీ పెట్టకపోవడం ఎంత ఖరీదైన పనో, రెండు గదుల్లో సర్దుకునేవాళ్ళకు బాగా తెలుస్తుంది. తలుపు తెరవగానే నిమ్మగడ్డి వాసన. నా ముక్కు ఊరుకోదు కదా, సిట్రాల్ అంది. అమ్మ అయితే ‘చాయ్‌ల ఏస్తరు సూడు, గది’ అంది. రిసెప్షన్‌లో అమ్మాయి ‘వెల్‌కమ్ డ్రింక్’ ఇస్తే అమ్మ నా చెవిలో ‘దీనికి పైసలు ఏస్తరా?’ అని అడిగింది. లిఫ్ట్‌లో గోడలన్నీ అద్దాలు. మా ఇద్దరినీ అన్ని వైపుల నుంచీ చూసుకున్నాం.

అమ్మది హౌస్‌కీపింగ్ పని. తెల్లాపూర్ దగ్గర ఒక గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో. పదకొండేళ్ళుగా చేస్తోంది. కాబట్టి గదిలోకి వచ్చాక ఆమె సముద్రం వైపు చూడలేదు, మంచం వైపు చూసింది. దుప్పటి మూలలు ఎలా మడిచారో పరుపు ఎత్తి చూసింది. బాత్రూంలో గాజు పలక మీద చెయ్యి పెట్టి రాసి, ‘నీటి మరక ఒక్కటి లేదు. నిమ్మ ఉప్పుతో తుడిసిన్రు’ అంది. ఆ గొంతులో మెచ్చుకోలు ఉంది. ఒక మంచి వడ్రంగి ఇంకో వడ్రంగి చేసిన తలుపును చూసినట్టు చూసింది. తర్వాత కిటికీ దగ్గరికి పోయింది. గోడంత అద్దం. బయట చీకటి, ఆ చీకట్లో తెల్లగా ఒక గీత వచ్చిపోతోంది.

‘ఏందే, కిడికి తెర్వస్తలేదు?’

తెరుచుకోదు. అది మొత్తం ఒకే అద్దం, ఫ్రేములో బిగించేశారు. కింద చిన్న స్టాండ్ మీద కార్డు పెట్టారు: ఉప్పుగాలి వల్ల సామాన్లు పాడవకుండా గదులను మూసి ఉంచామని, సహకరించాలని.

‘తెర్వకుంటే సముద్రం సప్పుడు ఎట్ల ఇనొస్తది?’

ఏసీ సౌండ్ తప్ప ఏమీ వినబడలేదు. అమ్మ అద్దానికి చెవి ఆనించింది. కాసేపు అలాగే నిలబడి, ‘మనింట్ల లెక్కనే ఉన్నది’ అంది.

ఇంద్రేశంలో మేం కిటికీలు రాత్రి తొమ్మిదికల్లా మూసేస్తాం. వాసన పగలు తక్కువ, అర్ధరాత్రి తర్వాత ఎక్కువ. చలికాలం గాలి కిందికి దిగి ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ. అమ్మకు వాసనల జాబితా ఉంది. కొన్ని రాత్రులు ‘కుళ్ళిన గుడ్డు’, కొన్ని రాత్రులు ‘గోళ్ళ రంగు’, కొన్ని ‘ఉడికిన గోబీ’. ఆమె గోళ్ళ రంగు అంటే నేను ఇథైల్ ఎసిటేటో అసిటోనో అనుకుంటాను. గుడ్డు అంటే హైడ్రోజన్ సల్ఫైడ్. నా దగ్గర కోటి రూపాయల మెషీన్లున్నాయి, అమ్మ దగ్గర ముక్కుంది. మా ఇద్దరి రిపోర్టులకూ పెద్ద తేడా వచ్చిన గుర్తు లేదు. కంట్రోల్ రూంకి ఒకసారి ఫోన్ చేశాం. అడ్రసు అడిగారు, ఏ కంపెనీ అని అడిగారు. వాసనకు అడ్రసు ఎక్కడుంటుంది?

ఆ రాత్రి అమ్మ మంచం మీద పడుకోలేదు. ‘గా మడత మల్ల నాతోని కాదు’ అని కింద కార్పెట్ మీద శాలువా పరుచుకుంది. నేను మంచం మీద ఒక్కదాన్నే నాలుగు దిళ్ళ మధ్య పడుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, హాయిగా నిద్రపట్టింది.

నాలుగున్నరకు లేపింది. ‘పోదాం దా, సముద్రం కాడికి.’

హోటల్ వెనక పచ్చిక, దాని చివర చిన్న గేటు, గేటు అవతల మెట్లు, ఇసుక. గేటుకు తాళం. గార్డు మర్యాదగానే చెప్పాడు: బీచ్ గేటు ఆరింటికే తీస్తారు, ఈ తీరంలో అలలు మంచివి కావు, చాలామంది మునిగిపోయారు, మా బాధ్యత మేడం. అతను చెప్పింది నిజమే. విశాఖ బీచ్‌ల దగ్గర మునిగిపోయినవాళ్ళ వార్త రాని నెల తక్కువ. అమ్మ గేటు ఊచలు పట్టుకుని, ‘సముద్రానికి కూడా టైమింగ్స్ ఉన్నయా’ అంది. ఎగతాళి లేదు, నిజంగానే అడిగింది. ఆమె పనిచేసే చోట స్విమ్మింగ్ పూల్‌కు ఉంటాయి.

అప్పుడే డ్యూటీకి వస్తున్న ఒకామె మమ్మల్ని చూసింది. నీలం యూనిఫాం, చేతిలో టిఫిన్ క్యారియర్. ‘ఇటు కాదండి, మెయిన్ గేటులోంచి రోడ్డెక్కి, తుమ్మచెట్టు కాడ సందులో దిగిపోండి. మా ఊరి దారి అది. ఏ తాళాలూ ఉండవు’ అంది. గార్డు నవ్వి తల తిప్పుకున్నాడు.

తర్వాత తెలుసుకున్నాను, ఆ సందు ఎవరి దయా కాదు. తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లోనే ఉంది: రెండు బీచ్ రిసార్టుల మధ్య జనం సముద్రానికి పోవడానికి కనీసం 20 మీటర్ల వెడల్పు ఖాళీ వదలాలి. మేం నడిచింది ఇరవై మీటర్లు అయితే కాదు. రెండు ప్రహరీల మధ్య ఒక ఆటో పట్టేంత. నేల మీద చిప్స్ ప్యాకెట్లు, వల ముక్కలు. కానీ చివర తాళం లేదు.

అప్పటికి ఇంకా తెల్లారలేదు. ఇసుక మీద రెండు వరుసల్లో మనుషులు తాళ్ళు పట్టుకుని వెనక్కి నడుస్తున్నారు. అలివి వల. దాన్ని తెప్పతో లోపలికి తీసుకుపోయి, చుట్టు తిప్పి, రెండు కొసలూ ఒడ్డుకు తెచ్చి లాగుతారు. ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ, చివరికి వచ్చినవాళ్ళు తాడు వదిలి మళ్ళీ ముందుకు పోయి పట్టుకుంటూ. తొందర ఎవరికీ లేదు. అమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నీళ్ళలో నిలబడింది. ఒక అల వచ్చి ఆమె కాళ్ళ కింద ఇసుకను లాక్కుపోతుంటే నా భుజం గట్టిగా పట్టుకుంది. నేను ఫోన్ తీశాను, వీడియో తీద్దామని, ఆమె ముఖంలో ఆ క్షణం పట్టుకుందామని. మొదటిసారి సముద్రం చూసే మనిషి ఏమంటుంది? నేను ఎదురుచూశాను.

అమ్మ ముక్కు ఎగబీల్చింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. ‘బిడ్డా, గిది మన ఇంటికాడి వాసనే కదే.’

‘ఏం వాసన?’

‘గోబీ వాసన. సన్నగున్నది గని, గదే.’

నాకు కోపం వచ్చింది. మూడు నెలల కిరాయి, పగలంతా రైలు, మొదటి సముద్రం, ఈమెకు గోబీ వాసన! ‘చేపలు పట్టే దగ్గర చేపల వాసన రాదా’ అన్నాను. ‘షాపల వాసన నాకు ఎర్క లేదా? ఇది అది గాదు’ అంది. ఆ వీడియో నా ఫోన్‌లో ఉంది. చివర్లో నా గొంతు, ‘పిచ్చిదానా’ అని.

గదికి వచ్చి స్నానం చేస్తుంటే, ఆ గాజు పలక వెనక, తట్టింది. అమ్మ తప్పు చెప్పలేదు.

మేం ల్యాబ్‌లో మందుల్లో మిగిలిపోయిన సాల్వెంట్లను కొలవడానికి శాంపిల్‌ను డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో కరిగిస్తాం. డీఎంఎస్ఓ అంటాం. 18.5 డిగ్రీలకే గడ్డకట్టేస్తుంది కాబట్టి ఏసీ ఎక్కువైన రోజు సీసా రాయిలా ఉంటుంది. వేడినీళ్ళలో పెట్టి కరిగించుకోవాలి. దానికి దాదాపు వాసన ఉండదు. కానీ పాతబడ్డ సీసా మూత తీస్తే సన్నగా ఒక వాసన కొడుతుంది, ఉడికిన క్యాబేజీ లాంటిది. అది డైమిథైల్ సల్ఫైడ్. డీఎంఎస్ఓ మురుగులోకి పోయి, గాలి ఆడని చోట బాక్టీరియాకు దొరికినా ఇదే తయారవుతుంది. చాలా కొద్దిగా చాలు, గాలిలో వంద కోట్ల పాళ్ళలో కొన్ని పాళ్ళుంటే ముక్కు పట్టేస్తుంది.

మనం ‘సముద్రం వాసన’ అనేదాంట్లో పెద్ద వాటా ఈ డైమిథైల్ సల్ఫైడ్‌దే. నీటి పైపొరల్లో కంటికి కనిపించని నాచుజీవులు ఉప్పును తట్టుకోవడానికి ఒంట్లో గంధకం ఉన్న ఒక పదార్థాన్ని దాచుకుంటాయి. అవి చచ్చినప్పుడు అది నీళ్ళలోకి వస్తుంది, బాక్టీరియా దాన్ని విరిస్తే ఈ వాయువు. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీలో ఆండ్రూ జాన్‌స్టన్ బృందం ఆ పని చేసే ఒక జన్యువును ఉప్పు మడుగు బురదలోని బాక్టీరియాలో పట్టుకుని 2007లో ప్రచురించింది. లార్సన్ పేపర్ వచ్చిన ఏడే. కొన్ని సముద్రపక్షులు ఈ వాసన పట్టుకునే మేత ఉన్న చోటికి పోతాయి. ఇది గాలిలోకి పోయి మబ్బులు కట్టడానికి విత్తనమవుతుందని 1987లో లవ్‌లాక్ తదితరులు ఒక ప్రతిపాదన చేశారు. దాని మీద ఇప్పటికీ వాదనలున్నాయి.

మా ఇంటి దగ్గర రాత్రి వచ్చేది సరిగ్గా ఇదేనని నేను ప్రమాణం చేయను. ఏ రాత్రీ ఎవరూ మా గల్లీ గాలిని సీసాలో పట్టి మెషీన్‌లో పెట్టలేదు. కానీ అమ్మ ముక్కు మీద నాకు నమ్మకం ఉంది. ‘సన్నగున్నది గని గదే’ అంది చూడండి, అది క్వాలిటేటివ్, క్వాంటిటేటివ్ రెండూ కలిపిన రిపోర్టు.

ఈ సంగతి ఆమెకు చెప్పాను. విని, ‘మరి సముద్రానికి ఎవరు కంప్లెయింట్ ఇస్తలేరా?’ అని నవ్వింది.

రెండో రోజు ఆటోలో తొట్లకొండ పోయాం. హోటల్‌కు దగ్గరే. 1976లో నేవీ వాళ్ళు విమానంలో సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధ క్షేత్రం. రెండు వేల ఏళ్ళ కిందట భిక్షువులు కొండ మీద గదులు కట్టుకుని ఉండేవాళ్ళు. కింద మొత్తం సముద్రం. నగర సందడికి దూరంగా సీ వ్యూ రూములు ఇక్కడ మొదట కట్టింది వాళ్ళే అన్నమాట, టారిఫ్ లేకుండా. నేను ఆ మాట స్టేటస్‌లో పెట్టుకున్నాను. అమ్మ మాత్రం రాతిలో తొలిచిన తొట్ల దగ్గర చాలాసేపు కూర్చుంది. వాటి వల్లే కొండకు ఆ పేరు. వాన నీళ్ళు పట్టుకునేవాళ్ళు. ‘ముంగట గంత నీళ్ళు పెట్టుకొని తాగనీకి వాన కోసం సూసెటోళ్ళా’ అంది. మాకు ట్యాంకర్ వచ్చే రోజు ఆమె డ్రమ్ములు కడిగి వరసగా పెడుతుంది. ఆ తొట్లను అలాగే చూసింది.

విశాఖ గురించి ఒక మాట. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసి, 43 చోట్లను తీవ్ర కాలుష్య ప్రాంతాలని ప్రకటించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి అందులో రెండున్నాయి. ఒకటి పటాన్‌చెరు–బొల్లారం, రెండోది విశాఖపట్నం. ఆ జాబితా నాకు చాలా ఏళ్ళుగా తెలుసు. హోటల్ ఉన్న ఉత్తరపు కొస కొండలు, సరుగుడు తోటలు, ఎర్రమట్టి దిబ్బలు. ఫ్యాక్టరీలు ఎక్కువ రెండో వైపు. నేను అమ్మకు ఉత్తరం చూపించి దక్షిణంలో కాపురం పెట్టించాలనుకున్నాను. బ్రోచర్ పని హోటల్ వాళ్ళు మాత్రమే చేస్తారా ఏంటి.

సాయంత్రం కొలను పక్కన కూర్చుని చెప్పాను, మెయిల్ సంగతి. ఒక జంట ప్రీ వెడ్డింగ్ షూట్ చేసుకుంటోంది, అమ్మాయి గౌను కొస నీళ్ళలో తడవకుండా ఇద్దరు పట్టుకున్నారు. అమ్మ అటే చూస్తూ వింది.

‘ఆడ గూడ మందుల కంపెనీయేనా?’

‘అవును.’

‘ఫోన్ లాకర్‌ల పెట్టాల్నా?’

‘పెట్టాలి.’

‘వాసన గదే, లాకర్ గదే. మరి గింత దూరం ఎందుకే?’

ప్రమోషన్ అన్నాను. సముద్రం అన్నాను. అమ్మ నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ‘నీకు పోవాలనుంటే పోదాం. నా కోసమని జెప్పకు. నేను గేటు కాడికి ఏడికైనా వస్త.’ జూన్ 30 గురించి మా ఇద్దరి మధ్య వచ్చిన మొదటి మాట అది.

చెకౌట్ రోజు ఆ నీలం యూనిఫాం ఆమె గది సర్దడానికి వచ్చింది. అమ్మ అప్పటికే పక్క దులిపి, తువ్వాళ్ళు మడిచి, డస్ట్‌బిన్ కవర్ ముడేసి ఉంచింది. ఆమె గుమ్మంలో ఆగిపోయి, ‘ఇదేటక్కా, నా పని నువ్వు సేసీసినావేటి’ అంది. అంతవరకూ మేడం అనే మనిషి. ఇద్దరూ మంచం అంచున కూర్చుని అరగంట మాట్లాడుకున్నారు. ఆమె ఉత్తరాంధ్ర మాట, మా అమ్మ మెదక్ మాట. సగం సగం అర్థమై, మిగతాది చేతులతో. జీతం ఎంత, పీఎఫ్ కోస్తారా, ఏ లిక్విడ్ వాడితే చేతులు పొక్కుతాయి. ఆమె భర్త వేటకు పోతాడు. వాళ్ళ తాతలు ఈ హోటల్ పచ్చిక ఉన్న చోటే చేపలు ఎండబెట్టుకునేవాళ్ళట. ‘ఇప్పుడైతే వాసనని ఒప్పుకోరక్కా. మేం అటు ఎగువకి ఎల్లి ఎండేసుకుంతన్నాం’ అంది. మేం బయల్దేరేటప్పుడు న్యూస్‌పేపర్‌లో చుట్టి, మీద రెండు కవర్లు వేసి, ఎండు నెత్తళ్ళు అర కిలో తెచ్చి ఇచ్చింది. డబ్బులు తీసుకోలేదు.

ఆ రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ స్లీపర్‌లో పై బెర్తు అతను తుని దాటక ముందే ‘ఎవరండీ’ అని మొదలుపెట్టాడు. అమ్మ కవర్‌ను చీర కొంగులో చుట్టి తల కింద పెట్టుకుని పడుకుంది.

ఇంద్రేశం వచ్చాక ఆ ఆదివారం సాయంత్రం అమ్మ నెత్తళ్ళు వేయించింది. వేడి పెనం మీద పొడిగా వేయించి, తలలు గిల్లి, చింతపులుసులో. వంటిల్లు పొగ అయిపోతుందని కిటికీ తెరిచింది. పది నిమిషాలకు మెట్ల మీద చెప్పుల చప్పుడు. పైన ఉండే ఓనర్ ఆంటీ. నాలుగేళ్ళలో వాసన గురించి ఆమె ఎప్పుడూ ఎవరికీ ఏమీ అనగా నేను వినలేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

‘ఏందమ్మా గీ వాసన? పైన కూసుండలేకపోతున్నం. జెర కిటికీ ఏస్కోండి.’

అమ్మ స్టవ్ తగ్గించి, కిటికీ వేసింది.